షికారు పడవలకు కరెంటు: ముందు రేవు సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

షికారు పడవల్లో డీజిల్, పెట్రోలు ఇంజిన్లు తీసేసి బ్యాటరీ మోటార్లు పెట్టాలన్న మాట ఇప్పుడు తరచు వినబడుతోంది. నేను దాన్ని మనసారా కోరుకునేవాణ్ణి. అయితే మోటారు మారిస్తే చాలనుకుంటున్నారేమోనని భయమేసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

డీజిల్ బోటులో వెనక వరసలో కూర్చున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పోయినసారి నా పక్కనున్న పాప దారి పొడుగునా చెవులు మూసుకునే ఉంది. సరంగు కొంగల గుంపును చూపిస్తూ ఏదో చెబుతున్నాడు, ఒక్క ముక్క వినబడితే ఒట్టు. దిగేటప్పుడు చూస్తే మెట్ల దగ్గర నీళ్లమీద నూనె తెట్టు రంగురంగులుగా తేలుతోంది. పాతకాలపు టూస్ట్రోక్ మోటార్లయితే మరీ అన్యాయం, పోసిన ఇంధనంలో పావు వంతు దాకా కాలకుండానే బయటికి వదిలేస్తాయి.

కరెంటు పడవ కొత్త విద్యేమీ కాదు. జర్మనీలోని కోనిగ్‌సీ సరస్సులో 1909 నుంచీ యాత్రికులను తిప్పుతున్నది అవే. అవి నింపాదిగా వెళ్తాయి, రోజూ సొంత రేవుకే తిరిగొస్తాయి. కిటుకంతా అక్కడే ఉంది. కిలో పెట్రోల్లో సుమారు 12 యూనిట్ల శక్తి ఉంటే, కిలో లిథియం బ్యాటరీలో పట్టేది యూనిట్‌లో ఐదో వంతో, అంతకన్నా కాస్త అటూ ఇటూనో. కానీ నీళ్లను కోసుకుంటూ మెల్లగా సాగే పడవ తన వేగం సగానికి తగ్గించుకుంటే, మోటారుకు కావలసిన బలం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి చుట్టూ చూస్తూ తిరిగే షికారు పడవలను ముందు మార్చండి. స్పీడ్‌బోట్లకు ఇంకొంత గడువిచ్చినా ఫర్వాలేదు.

ఇక రేవు. తడి చేతులు, తడి తాళ్లు, పైన వాన. అలాంటిచోట ఇంట్లో వాడే ప్లగ్గు పెడితే ప్రాణాలు పోతాయి. కరెంటు కాస్త లీకైనా సరఫరా దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉండి తీరాలి. బ్యాటరీ పెట్టెలోకి నీరు, ముఖ్యంగా ఉప్పునీరు, దిగకూడదు. పాత పడవలో అంత బ్యాటరీ బరువు ఎక్కిస్తే అది ఒరిగే తీరు మారుతుంది, మళ్లీ పరీక్ష చేయించనిదే జనాన్ని ఎక్కించనీయకండి. చప్పుడు లేని పడవ పక్కకొచ్చినా ఈతగాళ్లకు తెలియదు, వాళ్లున్న వైపు నడపనే కూడదు.

ఒక్క బోటుతో బతికే సరంగు అప్పుచేసి మోటారు మార్చుకున్నాక, ఛార్జింగ్ లేక పడవ కట్టేసుకునే గతి పట్టనివ్వకండి. ఏ రేవులో ఏ తేదీకల్లా ఛార్జింగ్ పాయింట్లు పెడతారో అధికారులు ముందు ప్రకటించాలి. పాత ఇంజిన్లకు గడువు ఆ తరువాతే చెప్పాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు