ఫీల్డ్‌వర్క్ జర్నల్ రాసేవాళ్లకు

ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) మిత్రులకు నమస్తే. జర్నల్ అదే రోజు రాత్రి రాసెయ్యండి, మర్నాటికి విన్న మాటలు మారిపోతాయి. చాలామంది పేజీ నిండా జరిగిందే రాస్తున్నారు. అనుభవాన్ని వెనక్కి తిరిగి చూసుకుని నేర్చుకోవడానికి విద్యావేత్త గ్రాహం గిబ్స్ 1988లో చెప్పిన ఆరు దశల్లో వర్ణన, అంటే జరిగింది చెప్పడం, ఒకటి మాత్రమే, దానికి నాలుగైదు వాక్యాలు చాలు.

"క్లయింట్ సహకరించలేదు" అని రాయకండి. పింఛను సంగతి అడిగితే ఆ పెద్దావిడ కోడలి వైపు చూసి ఊరుకుందా? అదే రాయండి. కోడలి ముందు ఆ ప్రశ్న ఎందుకడిగాం, అప్పుడు మనకేమనిపించింది, విడిగా మాట్లాడే వీలుండేదా? విశ్లేషణంటే ఇదే, సగం పేజీ దీనికే ఇవ్వండి.

చివర్లో "ఇకపై జాగ్రత్తగా ఉంటాను" అంటే సూపర్‌వైజర్‌కి ఏమీ తెలియదు. "వచ్చే విజిట్‌లో ముందు ఆవిడతో విడిగా పది నిమిషాలు మాట్లాడతాను" అనండి.

పేర్లు, ఇంటి నంబరు, ఆధార్ వివరాలు ఎక్కడా వద్దు. జర్నల్ పేజీల ఫొటోలు ఈ గ్రూపులో కూడా పెట్టకండి, దయచేసి.