ఎదుగుతాడని పెద్ద సైకిల్ కొనకండి

సంపాదకుల వారికి,

వేసవి సెలవులొస్తే పిల్లలకు తొలి సైకిల్ కొంటాం. ‘ఎలాగూ ఎదుగుతాడుగా’ అని ఒక సైజు పెద్దది తీసుకుంటాం. పిల్లల భయం అక్కడే మొదలవుతుంది. వయసు కాదు, కాలి పొడవు చూడాలి. సీటు పూర్తిగా దించితే రెండు పాదాలూ నేలకు బాగా ఆనాలి. నాలుగైదేళ్ల వాళ్లకు సాధారణంగా 14 లేదా 16 అంగుళాల చక్రం సరిపోతుంది. బ్రేకు పిడిని షాపులోనే పిల్లల చేత నొక్కించి చూడండి.

పక్క చక్రాలు మాత్రం వద్దు. వాటితో బ్యాలెన్స్ రాదు, తీసేసిన రోజు కథ మళ్లీ మొదటికొస్తుంది. బదులుగా పెడళ్లు విప్పించండి. సాధారణంగా 15 నంబరు స్పానరు చాలు. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది కాబట్టి దాన్ని కుడివైపు తిప్పితేనే ఊడుతుంది. తెలియక రెండోవైపు బలం పెడితే ఇంకా బిగుసుకుంటుంది. కాళ్లతో తోసుకుంటూ, పాదాలెత్తి కొంత దూరం జారడం వచ్చాకే పెడళ్లు బిగించాలి. పట్టుకోవాల్సి వస్తే భుజాల దగ్గర పట్టుకోండి. హ్యాండిల్ మనం పట్టుకుంటే తిప్పడం వాళ్లకు రాదు. హెల్మెట్ మొదటి రోజు నుంచే ఉండాలి.

ఇంతా చేసి నేర్పేదెక్కడ? సత్యనారాయణపురం, పటమట సందుల్లో బైకుల మధ్య కుదరదు. విజయవాడ నగరపాలక సంస్థ తన పాఠశాలల మైదానాలను సెలవుల్లో ఉదయం 6 నుంచి 8 గంటల దాకా తెరిచి ఉంచాలి. ఎండ ముదిరాక పిల్లలను బయటికి తీసుకురాలేం.

– ఒక పాఠకుడు, విజయవాడ