గాల్లో ఇంజిన్ ఆగినప్పుడు అడగాల్సిన ప్రశ్న

సంపాదకుడు గారికి,
నమస్కారం.

‘గాల్లో ఆగిన ఇంజిన్... తృటిలో తప్పిన పెను ముప్పు’. అహ్మదాబాద్ విమాన దుర్ఘటన తర్వాత ఇలాంటి శీర్షికలు పత్రికల్లో తరచుగా కనిపిస్తున్నాయి. విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరైన వాడిని కావడంతో, అలాంటి వార్త వచ్చిన రోజు మా కాలనీలో ఎవరో ఒకరు నన్ను ఆపి అడుగుతారు: ‘మా అమ్మాయి డల్లాస్ నుంచి వస్తోందండీ, విమానానికి రెండే ఇంజిన్లట, టికెట్ మార్పించమంటారా?’ అక్కర్లేదు అంటాను. ఎందుకు అక్కర్లేదో మాత్రం ఆ వార్తల్లో ఉండదు.

2025 జులై 16న ఢిల్లీ నుంచి గోవా వెళ్తున్న విమానం ఒక ఇంజిన్‌లో లోపం వచ్చి ముంబైలో దిగింది. కాక్‌పిట్ నుంచి వెళ్లిన పిలుపు ‘పాన్-పాన్’, ‘మేడే’ కాదు. పరిస్థితి అత్యవసరమే, కానీ ప్రాణాల మీదికి రాలేదని దాని అర్థం. ఈ ఒక్క వివరం పై వరుసలో వేస్తే చదివేవాళ్లకి సగం టెన్షన్ తగ్గేది.

ప్రతి టేకాఫ్‌కి ముందు ఆ రోజు బరువు, ఎండ, గాలి, రన్‌వే పొడవు చూసి పైలట్లు ‘వీ-1’ అనే వేగాన్ని లెక్కగడతారు. దానికి లోపు ఇంజిన్ పోతే బ్రేకులు వేసి ఆగిపోవచ్చు. దాటాక పోతే ఆగరు, మిగిలిన ఇంజిన్‌తోనే లేస్తారు. అలా లేవగలదని రుజువు చేస్తేనే విమానానికి సర్టిఫికెట్ ఇస్తారు. ఒక పక్క ఇంజిన్ లాగుతుంటే ముక్కు రెండో పక్కకి తిరిగిపోతుంది, దాన్ని కాలితో రడ్డర్ (తోక మీది చుక్కాని) పెడల్ తొక్కి సరిచేస్తారు. పైలట్లకి ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో పెట్టే పరీక్షలో ఇది తప్పకుండా ఉంటుంది. 2022 జూన్ 19న పట్నాలో పక్షి తగిలి ఎడమ ఇంజిన్ నుంచి మంటలు వచ్చిన విమానం కూడా ఒక్క ఇంజిన్‌తోనే చుట్టు తిరిగి అదే రన్‌వే మీద క్షేమంగా దిగింది.

పైన 36 వేల అడుగుల్లో ఒక ఇంజిన్ పోతే విమానం ఆ ఎత్తులో ఉండలేదు. ఇరవై, పాతిక వేల అడుగుల దాకా మెల్లగా దిగి అక్కడి నుంచి గంటల తరబడి ఎగరగలదు. ఒకప్పుడు రెండు ఇంజిన్ల విమానం విమానాశ్రయానికి అరవై నిమిషాల కంటే దూరం పోకూడదనే నియమం ఉండేది. సముద్రాలు దాటడానికి మూడు, నాలుగు ఇంజిన్లు పెట్టింది అందుకే. ఇంజిన్లు నమ్మకంగా పనిచేస్తున్నాయని తేలాక, 1985లో బోయింగ్ 767కి 120 నిమిషాలు ఇచ్చారు. ఇవాళ బోయింగ్ 787కి 330, ఎయిర్‌బస్ ఏ350కి 370 నిమిషాల దాకా అనుమతి ఉంది. డల్లాస్ అమ్మాయి గురించి నా ధీమా ఇదీ.

అలాగని ఒక ఇంజిన్ పోవడం ఎప్పుడూ చిన్న విషయమేనని అనను. 2018 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక విమానం ఇంజిన్‌లో ఫ్యాన్ బ్లేడ్ (రెక్క) విరిగి, ఎగిరిన ముక్కలు కిటికీని పగలగొట్టడంతో ఒక ప్రయాణికురాలు చనిపోయారు. అలాంటివి అరుదు. నాకు భయం కలిగించే ప్రశ్న వేరే ఉంది. మొదటి ఇంజిన్‌ని ఆపిన కారణమే రెండోదాన్నీ ఆపగలదా?

రెండు ఇంజిన్లకీ ఇంధనపు పైపులు, పంపులు, కంప్యూటర్లు వేర్వేరుగా ఉంటాయి. ఒకదాని స్నాగ్ (లోపం) రెండోదానికి పాకకూడదనే ఆ ఏర్పాటు. దీన్ని దాటి రెండింటినీ ఆపగలిగేవి కొన్నే. అగ్నిపర్వతపు బూడిద ఒకటి, ఇంధనం ఒకటి. 1983లో కెనడాలో పౌండ్లకీ కిలోలకీ తేడా మర్చిపోయి కావాల్సినదాంట్లో సగం కూడా లేని ఇంధనంతో ఎగిరిన 767, రెండు ఇంజిన్లూ ఆగిపోయి, గ్లైడర్‌లా జారుతూ గిమ్లి అనే చోట పాత ఎయిర్‌ఫోర్స్ రన్‌వే మీద దిగింది. అదృష్టం బాగుండి అందరూ బతికారు.

ఇంకొకటి మనిషి చెయ్యి. 1989 జనవరి 8న ఇంగ్లండ్‌లో కెగ్‌వర్త్ దగ్గర కూలిన బోయింగ్ 737లో చెడింది ఎడమ ఇంజిన్. పైలట్లు కుడిదాన్ని ఆపారు. ఆ క్షణంలో అదురు తగ్గడంతో సరైనదే ఆపామనుకున్నారు. కుడి ఇంజిన్‌లో సమస్య వచ్చిందని కెప్టెన్ మైకులో చెప్పాడు. వెనక కూర్చున్న కొందరు ఎడమ పక్క మంటలు కళ్లారా చూశారు. అయినా ఆ మాట కాక్‌పిట్ దాకా వెళ్లలేదు. రన్‌వే దగ్గరపడ్డాక ఎడమదీ చచ్చింది, 47 మంది పోయారు. 2015లో తైవాన్‌లోని తైపీలో ఏటీఆర్ విమానం కూలినప్పుడూ బాగున్న ఇంజిన్నే ఆపేశారు. అహ్మదాబాద్‌లో రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లూ ఒక సెకను తేడాతో ‘కటాఫ్’కి, అంటే ఇంధనం ఆపేసే స్థితికి మారాయని ప్రాథమిక నివేదిక చెప్పింది. ఎలా మారాయన్నది దర్యాప్తు తేల్చాలి. టీవీ చర్చల్లో కూర్చున్నవాళ్లు తీర్పు ఇచ్చేయడం మాత్రం చనిపోయిన పైలట్ల కుటుంబాల పట్ల అన్యాయం.

చివరగా పక్షులు. ఇది మన చేతుల్లో ఉన్న సంగతి. ఒక పక్షి ఒక ఇంజిన్‌ని పాడుచేస్తుంది, గుంపు వస్తే రెండూ పోవచ్చు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పెద్ద బాతుల గుంపు తగిలి రెండు ఇంజిన్లూ పోయిన ఎయిర్‌బస్‌ని హడ్సన్ నదిలో దించారు, 155 మందీ బతికారు. 2024 డిసెంబర్ 29న దక్షిణ కొరియాలోని మువాన్‌లో అంత అదృష్టం లేకపోయింది. రన్‌వే దాటి కాంక్రీటు కట్టను ఢీకొన్న ఆ విమానం రెండు ఇంజిన్లలోనూ తర్వాత బాతుల ఈకలు, రక్తం దొరికాయి. 179 మంది చనిపోయారు.

మన దేశంలో విమానాశ్రయం చుట్టూ పది కిలోమీటర్ల లోపు పక్షులు మూగేలా చెత్త పోయడం, పశువుల్ని కోయడం నిషేధం. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 91వ నిబంధన అది. పది కిలోమీటర్లంటే ఎన్నో పంచాయతీలు, మున్సిపాలిటీలు. గద్దల్ని పైలట్ తరమలేడు. రన్‌వే పక్కన టపాకాయలు కాల్చే సిబ్బంది ప్రహరీ లోపలే తరమగలరు. ప్రహరీ బయట మాంసం దుకాణం వ్యర్థాలు ఎక్కడ పోస్తున్నారో చూడాల్సింది స్థానిక అధికారులు. వానాకాలంలో ఈ బెడద ఇంకా పెరుగుతుంది.

అందుకే మీకు నా విన్నపం. ఈసారి బర్డ్ హిట్ (విమానానికి పక్షి తగలడం) వార్త వస్తే ప్రయాణికుల సెల్‌ఫోన్ వీడియోలతో ఆపకుండా, ఒక విలేకరిని ఆ విమానాశ్రయం చుట్టూ ఉన్న డంపింగ్ యార్డుల దగ్గరికి పంపండి. 91వ నిబంధన కింద గత ఏడాది ఎన్ని కేసులు పెట్టారని కలెక్టర్‌నీ, మున్సిపల్ కమిషనర్‌నీ అడగండి. పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారిది మన శ్రీకాకుళమే. శంషాబాద్, విశాఖ, గన్నవరం, తిరుపతిల్లో బర్డ్ హిట్‌ల లెక్కలు విమానాశ్రయాల వారీగా నెలనెలా బయటపెట్టమని ఆయన్ని కోరుతున్నాను. భోగాపురం కొత్త విమానాశ్రయం చుట్టూ ఊళ్లు ఇంకా పెరగబోతున్నాయి. చెత్త ఎక్కడికి పోవాలో అక్కడ ఇప్పుడే తేల్చేస్తే, తర్వాత గుట్టల్ని తరలించే ఖర్చు ఉండదు.

ఇట్లు,
రిటైర్డ్ విమాన మెయింటెనెన్స్ ఉద్యోగి,
హైదరాబాద్