నైలు క్రూయిజ్: గుళ్లకు ఇవ్వాల్సిన టైము కొట్లకు ఇచ్చారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,
హైదరాబాద్.

విషయం: లక్సర్ – అస్వాన్ నాలుగు రాత్రుల నైలు క్రూయిజ్ ప్యాకేజీలో సేవా లోపాలు, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

జనవరిలో మీ గ్రూపుతో ఈజిప్టు వెళ్లొచ్చిన దంపతులం మేము. తిరిగి రాగానే నేను పంపిన మెయిల్‌కు మీ ఆఫీసు రెండు ముక్కల్లో జవాబిచ్చింది. ఎస్నా లాకు దగ్గర రద్దీ తమ చేతిలో లేని విషయమట, నా విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలట. నేను అభిప్రాయం రాయలేదు, డబ్బు వెనక్కి అడిగాను. అందుకే ఈసారి వివరంగా రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

ముందు ఆ లాకు సంగతే తేల్చుకుందాం. నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యాను, కాబట్టి లాకు పేరు చెప్పి నన్ను ఒప్పించడం కష్టం. ఎస్నా దగ్గర నైలు మీద బ్యారేజీ ఉంది. లక్సర్ నుంచి ఎగువకు వెళ్లే షిప్పును లాకు గదిలోకి తీసుకుని, గేట్లు మూసి, నీళ్లు నింపి పై మట్టానికి లేపుతారు. ఒక విడతకు రెండు షిప్పులు పడతాయి. ముందొచ్చిన వాళ్లు ముందు వెళ్తారు, వెనకొచ్చిన వాళ్లు వరసలో ఆగుతారు. ఇందులో లాకు వాళ్ల తప్పేమీ లేదు. అసలు మన షిప్పు వరసలో అంత వెనకపడింది ఎందుకనేదే ప్రశ్న. దానికి మీ జవాబులో ఒక్క మాట లేదు.

నేను చెప్తాను. ఆ రోజు పొద్దున్న రాజుల లోయ, హాట్షెప్సుట్ గుడి, మెమ్నాన్ విగ్రహాలు చూసి మధ్యాహ్నానికి షిప్పు ఎక్కాలి. రాజుల లోయలో మామూలు టికెట్టుకు మూడు సమాధులు చూడొచ్చు. మాకు రెండే చూపించి, టైము లేదని బస్సెక్కించారు. ఆ బస్సు అక్కణ్ణుంచి నేరుగా అలబాస్టర్ రాళ్ల కొట్టుకు వెళ్లింది. రాయి ఎలా చెక్కుతారో కాసేపు చూపించారు, తర్వాత టీ ఇచ్చారు, ఆ తర్వాత బేరాలు. అక్కడ అయ్యాక పపైరస్ కొట్టు. ఒకాయన పపైరస్ కాడను చీల్చి, నానబెట్టి, అడ్డంగా నిలువుగా పేర్చి కాగితం చేసే విధానం చూపించాడు. నిజం చెప్పాలంటే అది బాగుంది, కానీ దానికి పది నిమిషాలు చాలు. మిగతా గంట దేనికి? కొనం మొర్రో అని బయటికొస్తే బస్సుకు తాళం, డ్రైవరు జాడ లేదు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ కొట్టు అరుగు మీద కూర్చుంది. గైడు మాత్రం లోపల ఓనరు పక్కన కుర్చీలో చల్లగా మందార షర్బత్ తాగుతున్నాడు.

ఒంటిగంటకు కదలాల్సిన షిప్పు మన బస్సు కోసం ఆగి, మూడు దాటాక కదిలింది. ఇది నా ఊహ కాదు, షిప్పు రిసెప్షన్‌లో కనుక్కున్నదే. మీ టూర్ మేనేజర్‌ను అడిగితే నీళ్లు నమిలాడు. కొట్ల దగ్గర పోయిన ఆ టైము వల్లే లాకు దగ్గర వరస తప్పింది, దారిలో చూడాల్సిన ఎడ్ఫూ గుడి ఆలస్యమైంది, చివరికి దెబ్బంతా కోమ్ ఒంబో గుడి మీద పడింది.

ఎడ్ఫూలో హోరస్ గుడి కట్టడం క్రీ.పూ. 237లో మొదలై క్రీ.పూ. 57లో ముగిసింది. నూట ఎనభై ఏళ్ల పనిని మీరు అరగంటలో చూపించారు. పైగా రేవు నుంచి గుడికి గుర్రపు బండ్లు. ఆ గుర్రాల డొక్కలు చూస్తే ఎక్కబుద్ధి కాలేదు. అక్కడ ఆటోలు తిరుగుతున్నాయి కదా, ఇకముందైనా వాటిని మాట్లాడండి.

కోమ్ ఒంబో చేరేసరికి చీకటి పడింది. దీపాల వెలుగులో ఆ గుడి అందంగానే ఉంటుంది, చీకటి గురించి నాకు బాధ లేదు. బాధంతా ఇచ్చిన ఇరవై నిమిషాల గురించి. ఒకే గుడిలో ఇద్దరు దేవుళ్లు, రెండు ద్వారాలు, రెండు గర్భగుళ్లు. పక్కనే మొసళ్ల మమ్మీల మ్యూజియం. అది మీ కార్యక్రమ పత్రంలో అచ్చయి ఉంది, మేము దాని గుమ్మం కూడా తొక్కలేదు. ఆవరణలో నైలోమీటర్ ఉంది. చూడ్డానికి గుండ్రటి బావి, లోపలికి మెట్లు. వరద నీళ్లు ఎంతదాకా లేచాయో అందులో చూసి, ఆ ఏడు పంట ఎలా ఉంటుందో, శిస్తు ఎంత వేయాలో లెక్క కట్టేవారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నది గేజి రీడింగులతోనే బతికిన నాకు ఈ టూరులో అన్నిటికన్నా చూడాలనిపించింది అదే. బావి గట్టు దాకా వెళ్లి లోపలికి వంగానో లేదో, మీ టూర్ మేనేజర్ వెనక నుంచి "అంకుల్, షిప్పు వెళ్లిపోతుంది" అని కేకేశాడు. ఆ పపైరస్ కొట్లో లేని తొందర అప్పుడెక్కడ నుంచి వచ్చింది?

ఇక అబూ సింబెల్. మీరు నాకు పంపిన కార్యక్రమ పత్రంలో అయిదో రోజు ఎదురుగా "అబూ సింబెల్ దేవాలయాల సందర్శన" అని ఉంది. పక్కన చుక్క లేదు, కింద చిన్నక్షరాల షరతు లేదు. అస్వాన్‌లో దిగాక మాత్రం అది ఆప్షనల్ అనీ, మనిషికి 120 డాలర్లు కట్టాలనీ చెప్పారు. అస్వాన్ నుంచి దాదాపు 280 కిలోమీటర్లు, తెల్లారకముందే బయల్దేరాలి, ఖర్చవుతుంది, అవన్నీ నాకు తెలుసు. ఆ ఖర్చు ప్యాకేజీలో ఉందని నమ్మే మీ దగ్గర బుక్ చేశాను.

ఇది నాకెందుకంత ముఖ్యమో కూడా రాస్తాను. శ్రీశైలం రిజర్వాయరు ముంపు నుంచి తప్పించడానికి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టిన రోజులు నాకు తెలుసు. అస్వాన్ హైడ్యామ్ నీళ్లలో మునగకుండా 1964 నుంచి 1968 వరకు అబూ సింబెల్ కొండగుళ్లను కోసి, సుమారు 65 మీటర్లు పైకి తీసుకెళ్లి నిలబెట్టారు. గుడి ముందున్న రెండో రామెసెస్ రాజు విగ్రహాల్లో ఒకటి ప్రాచీన కాలంలోనే విరిగి, దాని తల నేల మీద పడి ఉండేది. ఇంజనీర్లు ఆ ముక్కల్ని కూడా అలా పడ్డట్టే తెచ్చి పెట్టారు. అంతదూరం వెళ్లి అది చూడకుండా రానని మీకూ తెలుసు. అందుకే అక్కడ బేరం పెట్టారు. ఇద్దరికీ కలిపి 240 డాలర్లు కట్టాను. మీ టూర్ మేనేజర్ ఇచ్చిన రసీదు షిప్పు నోట్‌ప్యాడ్ నుంచి చింపిన కాగితం. దాని మీద అంకె, పొట్టి సంతకం తప్ప కంపెనీ పేరు కూడా లేదు. నకలు జతచేశాను.

క్యాబిన్ విషయం. పై డెక్కు కోసం మనిషికి 14,000 రూపాయలు అదనంగా కట్టించుకుని అన్నిటికన్నా కింది అంతస్తులో గది ఇచ్చారు. కిటికీ నీటి మట్టానికి జానెడు పైన. రేవులో షిప్పులు ఒకదాని పక్కన ఒకటి కడతారు కాబట్టి, ఆగినప్పుడు ఏ అంతస్తులో ఉన్నా పక్క షిప్పు గోడే కనిపిస్తుంది. దానికి మిమ్మల్ని అనను, నైలు మీద పద్ధతే అది. కాకపోతే "గదిలోంచే రేయింబవళ్లు నది దృశ్యం" అని ప్రకటన వేయడం మానండి. అదే ప్రకటన మీద టూటన్‌ఖామున్ బంగారు ముసుగు బొమ్మ కూడా వేశారు. ఆ ముసుగు లక్సర్‌లో లేదు, ఆయన సమాధికి వేరే టికెట్టు కొనాలి, ఆ టికెట్టు మీ ప్యాకేజీలో లేదు.

టిప్పులు ప్యాకేజీలోనే ఉన్నాయని చెప్పి, షిప్పెక్కిన సాయంత్రమే కవరు పట్టుకుని మనిషికి 40 డాలర్లు వసూలు చేశారు. తెలుగు భోజనం అన్నారు, రోజూ పప్పు సూప్, రొట్టె, కూర. మా ఆవిడకు అవి నచ్చాయి, అందుకని భోజనం సంగతి వదిలేస్తున్నాను. షిప్పు సిబ్బంది చాలా మర్యాదగా చూసుకున్నారు, వాళ్ల మీద ఫిర్యాదు లేదు.

నేను అడిగేవి ఇవి. అబూ సింబెల్ కోసం కట్టించుకున్న 240 డాలర్లు, టిప్పుల 80 డాలర్లు, మేము కట్టిన రోజు మారకపు రేటు ప్రకారం రూపాయల్లో. క్యాబిన్ కోసం తీసుకున్న 28,000 రూపాయలు. రాజుల లోయలో మూడో సమాధి, కోమ్ ఒంబో మ్యూజియం చూపించనందుకు న్యాయమైన పరిహారం ఎంతో మీరే లెక్క కట్టి, ఆ లెక్క కాగితం మీద చూపించండి. బుకింగప్పుడు మా దగ్గర వసూలు చేసిన టీసీఎస్ (ప్యాకేజీ డబ్బుతో పాటే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) ఇంతవరకు నా పన్ను జమల పత్రం ఫామ్ 26ఏఎస్‌లో కనిపించడం లేదు, అది ఎప్పుడు జమ చేశారో చలానా వివరాలతో తెలపండి. ఆ రెండు కొట్ల నుంచి మీకు గానీ గైడుకు గానీ కమిషన్ ముట్టిందా లేదా అన్నది కూడా రాతపూర్వకంగా చెప్పాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో డబ్బు, జవాబు రెండూ రావాలి. రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. ఆ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, కాబట్టి వాయిదాలకు మీరే కర్నూలు రావాల్సి ఉంటుంది. కార్యక్రమ పత్రం, క్యాబిన్ రసీదు, చేతిరాత చీటీ, మీ మెయిల్ నకళ్లు జతచేశాను. మాట్లాడి సర్దుకుందామని ఎవరిచేతా ఫోన్లు చేయించకండి. వచ్చే టూరుకు డిస్కౌంట్ కూపన్ కూడా వద్దు, డబ్బు బుకింగ్ చేసిన ఖాతాకే పంపండి.

ఇట్లు,
విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు,
కర్నూలు.