కెథీడ్రల్ విండో బొంత: చేతికుట్టు సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నట్టే ఈ ఏడాది తరగతులన్నీ ఒకే పనికి కేటాయించాం. కుట్టుమిషన్ ముట్టకుండా, మొదటి మడత నుంచి చివరి టాకా దాకా చేత్తోనే కెథీడ్రల్ విండో బొంత కుట్టడం ఆ పని. ఉమ్మడి బొంత పూర్తయింది. ఉతికి చూశాక ప్రదర్శనలో కూడా పెట్టాం. జమాఖర్చుల పట్టిక, సభ్యత్వ వివరాలు విడిగా అందజేశాం కాబట్టి ఇక్కడ పని గురించే రాస్తున్నాం. తరగతులకు రాలేకపోయినవాళ్లు ఈ నివేదికను పక్కన పెట్టుకుని ఇంట్లో కుట్టుకోగలగాలన్నది మా ఉద్దేశం.

ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో బాగా వ్యాపించిన పద్ధతి ఇది. కొరియావాళ్ల పొజాగి అతుకుపనిలోనూ గుడ్డను మడిచి గుండ్రటి రేకుల్లా కుట్టే ఇలాంటి పని ఉంది. మామూలు బొంతకూ దీనికీ పోలిక తక్కువ. మధ్యలో దూది పొర ఉండదు, వెనక అస్తరు ఉండదు, చివర చుట్టూ పట్టీ కుట్టే పనీ ఉండదు. తెల్లటి చదరపు గుడ్డను రెండుసార్లు మడిస్తే నాలుగు పొరల గడి తయారవుతుంది. గడులను పక్కపక్కన కలిపి, కలిసిన చోట రంగు ముక్క పెట్టి, మడత అంచులను దానిమీదికి వంచి కుడితే కిటికీ వస్తుంది.

ఆ అంచు చక్కగా విల్లులా ఎందుకు వంగుతుందో ముందు తెలుసుకోవాలి. గుడ్డను పడుగు పేకల వెంట సరిగ్గా కత్తిరిస్తే, మొదటి మడతలో వచ్చే నాలుగు అంచులూ క్రాస్‌లో, అంటే పోగులకు ఏటవాలుగా పడతాయి. రెండో మడతలో గడి బయటి అంచులు మళ్లీ పోగు వెంటకి వస్తాయి, రంగు ముక్క మీదికి వంచే అంచులు మాత్రం క్రాస్‌లోనే ఉంటాయి. క్రాస్ అంచు సాగుతుంది కనుకే వంపు తిరుగుతుంది. గుడ్డను పోగు తప్పి వాలుగా కత్తిరిస్తే ఈ ఏర్పాటంతా తారుమారవుతుంది. అప్పుడు గడి బయటి అంచులు సాగిపోతాయి, కిటికీ అంచులేమో బిర్రుగా ఉండి వంగవు. చదరం కొలత ఎంత కచ్చితంగా ఉన్నా ఈ లోపాన్ని తర్వాత సరిదిద్దలేం. అందుకే తొలి తరగతుల్లో సూది పట్టనివ్వకుండా కత్తిరింపు, ఇస్త్రీ మాత్రమే చేయించాం. కొందరు సభ్యులు విసుగుపడ్డారు. అయినా ఈ క్రమాన్ని మార్చకూడదనే కమిటీ అభిప్రాయం.

గుడ్డ విషయానికొస్తే, అడుగు గడులకు బ్లీచ్ చేయని కోరా నూలుగుడ్డ, మధ్యరకం మందంలోది, అన్నిటికన్నా బాగా కుదిరింది. మరీ పల్చనిదైతే కింద ఉన్న ముదురు రంగు పైకి కనిపిస్తుంది. మందమైతే నాలుగు మూలలు కలిసే చోట సూది దిగదు. పాలిస్టర్ కలిసిన గుడ్డ మడత నిలబెట్టుకోదు, ఇస్త్రీ చేసిన కాసేపటికే తెరుచుకుంటుంది. కోరా గుడ్డనీ రంగు ముక్కల గుడ్డనీ రెండింటినీ ముందే ఉతకాలి. ఒకటే ఉతికితే, తయారైన బొంత మొదటి ఉతుకులో రెండోది కుంచించుకుపోయి కిటికీలన్నీ ముడతలు పడతాయి. ఎరుపు, నీలం ముక్కలను తడిపి తెల్లగుడ్డ మీద అదిమి, రంగు దిగుతుందేమో చూడాలి. ఆరాక కోరా గుడ్డకు పల్చగా గంజి పెట్టి ఇస్త్రీ చేసి, ఆ తర్వాతే కత్తిరించాలి.

కొలతలు ఇవి. 9 అంగుళాల చదరం కత్తిరించి, నాలుగు వైపులా పావు అంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చేస్తే 8.5 అంగుళాలవుతుంది. నాలుగు మూలలనూ మధ్యకు తెస్తే 6 అంగుళాల చదరం వస్తుంది. దాని మూలలను మళ్లీ మధ్యకు తెస్తే 4.25 అంగుళాల గడి తయారవుతుంది. రెండు మడతలకు వైశాల్యం నాలుగో వంతుకు, అంటే పక్క కొలత సగానికి తగ్గుతుందని గుర్తుపెట్టుకుంటే, ఏ కొలత గడి కావాలన్నా లెక్క వేసుకోవచ్చు. కావలసిన గడికి రెట్టింపు తీసుకుని, కుట్టు కోసం అర అంగుళం కలపాలి. 6.5 అంగుళాల చదరంతో 3 అంగుళాల గడి, 12.5తో 6 అంగుళాల గడి వస్తాయి. కొత్తవాళ్లకు ఈ రెండూ సిఫారసు చేయం. చిన్నదానిలో మూలలు గట్టిపడి సూది విరుగుతుంది, పెద్దదానిలో వంపు వదులై చప్పగా కనిపిస్తుంది.

గడి మొదలుపెట్టడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి పైన చెప్పిన ఇస్త్రీ మడత. రెండోది సంచి పద్ధతి: 9 అంగుళాల చదరాన్ని సగానికి మడిచి, రెండు పొట్టి వైపులూ పావు అంగుళం లోపల దగ్గర దగ్గర పరుగు కుట్టుతో మూసి, నోరు తెరిచి, ఆ రెండు కుట్లనూ ఎదురెదురుగా కలిపి, మిగిలిన వైపును మధ్యలో ఒకటిన్నర అంగుళం వదిలి కుట్టాలి. మూలల్లో ఎక్కువ గుడ్డ తీసేసి, ఆ సందులోంచి బయటికి తిప్పాలి. మూలను నెట్టడానికి మొద్దు మొన పుల్లే వాడండి, కత్తెర మొన గుడ్డను చీల్చేస్తుంది. ఈ పద్ధతిలోనూ 6 అంగుళాల చదరమే వస్తుంది, పైగా కత్తిరించిన అంచులన్నీ లోపల బిగిసిపోతాయి. వాడకానికి కుట్టే బొంతకు సంచి పద్ధతే మంచిది. గోడకు వేలాడదీసేదానికి ఇస్త్రీ మడత చాలు, పని చాలా తొందరగా సాగుతుంది.

ఇస్త్రీపెట్టెను అదిమి ఎత్తాలి తప్ప జరపకూడదు. మొదటి మడత తర్వాత అంచులు క్రాస్‌లో ఉంటాయని చెప్పాం కదా, జరిపితే 6 అంగుళాల చదరం వంకర తిరుగుతుంది. ప్రతి మడత తర్వాతా స్కేలుతో కొలవండి. గడికి 1/16 అంగుళం తేడా కంటికి ఆనదు కానీ పది గడుల వరుసలో అది 5/8 అంగుళమవుతుంది, పక్క వరుసతో ఇక కలవదు. ఉమ్మడి బొంతకు సభ్యులు తెచ్చిన గడులను 4.25 అంగుళాల అట్ట మీద పెట్టి చూసి, సరిపోయినవే తీసుకున్నాం. తేడా ఉన్నవాటిని వేరుచేసి, ఒకే కొలతలో ఉన్నవాటితో దిండు గలీబులు కుట్టించాం.

నడుమ టాకా వేసే విధానం చాలామంది మళ్లీ మళ్లీ అడిగారు. రెండో మడతలో నాలుగు కొసలూ మధ్యన కలుస్తాయి. ముడి పొరల మధ్య దాగేలా సూదిని పైకి తీసి, ఒక కొసను మొనకు రెండు పోగుల ఇవతల పట్టి, ఎదుటి కొసను పట్టి లాగాలి. మిగిలిన రెండు కొసలూ అలాగే. తర్వాత సూదిని నాలుగు పొరల్లోంచి వెనక్కి దించి, మళ్లీ పైకి తెచ్చి ఇంకోసారి అడ్డంగా నిలువుగా వేయాలి. మరీ బిగిస్తే వెనకవైపు గుంట పడుతుంది, వదిలేస్తే మధ్యలో చిల్లు కనిపిస్తుంది. ఇస్త్రీ మడత గడుల్లో మొదటి మడత కొసలకు కూడా చిన్న టాకా వేయాలి. లేకపోతే కొన్ని ఉతుకుల తర్వాత లోపలి కొసలు పక్కకు జారి ఉండకడుతుంది.

గడులను కలపడంలో ఎవరి అలవాటు వారిది. మడతల వైపు లోపలికి పెట్టి అంచు మీద చుట్టుకుట్టు వేయడం పాత అలవాటు. మేం నున్నటి వెనకవైపులు ఒకదానికొకటి ఆనేలా పెట్టి, ముందువైపు నుంచి కుట్టించాం. చుట్టుకుట్టుతో సన్నటి గట్టు ఏర్పడుతుంది. ఇలా కుడితే ఆ గట్టు ముందుకు వస్తుంది, దానిమీద రంగు ముక్క ఎలాగూ పడుతుంది కాబట్టి కనిపించదు. అస్తరు లేని బొంతకు వెనకవైపు కూడా శుభ్రంగా ఉండాలంటే ఇదే దారి. సూది పదో నంబరు షార్ప్ రకం, దారం కోరా రంగు నూలుది, 18 అంగుళాలకు మించని పొడవు. అంగుళానికి పన్నెండు కుట్ల దాకా రావాలి, ప్రతి కుట్టూ అంచులో రెండు మూడు పోగులనే పట్టాలి. మొదట్లో, చివర్లో రెండేసి కుట్లు ఒకేచోట వేయండి. నాలుగు గడులు కలిసిన మూలలో ఎదురెదురు కొసలను కలుపుతూ అడ్డంగా ఒక కుట్టు వేస్తే సందు మూసుకుపోతుంది. ముందు వరుసలు కుట్టి, తర్వాత వరుసలను కలపాలి.

ఇక కిటికీ. పక్కపక్క గడులను కలిపిన కుట్టు గీతే కిటికీకి కర్ణం అవుతుంది, అంటే 4.25 అంగుళాల గడులకు 3 అంగుళాల చదరపు కిటికీ వస్తుంది. రంగు ముక్కను 2.75 అంగుళాలకు కత్తిరించాలి, చుట్టూ 1/8 అంగుళం ఖాళీ ఉంటుంది. పుస్తకాల్లో ఉండే కొలత కన్నా మీ గడుల మీద మీరు కొలిచిన కొలతే నమ్మదగినది, దాన్నిబట్టి అట్ట మూస చేసుకోండి. ముక్కను గుండుసూదితో నిలిపి, గడి అంచును దానిమీదికి వంచాలి. నడుమ పావు అంగుళం వంగాలి, మూలల వైపు తగ్గుతూ పోవాలి. మూలకు పావు అంగుళం ముందే, పక్క అంచుతో కలిపి రెండు టాకాలు వేసి, అక్కడి నుంచి కనిపించని హెమ్మింగ్ కుట్టుతో పక్క మూల దాకా వెళ్లాలి.

సభ్యుల కిటికీల్లో తరచూ కనిపించిన లోపాలు మూడు. ముక్క అంచు వంపు నడుమ నుంచి బయటికి తొంగిచూస్తే, ముక్క చిన్నదైనా అయి ఉండాలి, జరిగైనా ఉండాలి. మధ్య ఉబ్బిందంటే ముక్క పెద్దదైంది. నాలుగు వైపులా 1/16 అంగుళం చెక్కేస్తే సరిపోతుంది. వంపు రాకుండా అంచు తిన్నగా నిలిచిపోతే మాత్రం మూల టాకా మరీ లోపలికి పడిందేమో చూసి, అదీ కాకపోతే గుడ్డ పోగు తప్పి కత్తిరించారని తెలుసుకోవాలి. ముదురు ముక్కల నుంచి ఊడిన పోగులు తెల్ల అంచు కింద గీతల్లా కనిపిస్తాయి, కుట్టేముందే ఏరేయాలి.

కుట్టు ఎంత లోతుకు దిగాలన్నదానిపై తరగతుల్లో వాదనే జరిగింది. రంగు ముక్క, దాని కింది మడత వరకే పడితే వెనకవైపు నున్నగా ఉంటుంది. గోడబొంతకు అది చాలు. కప్పుకునే బొంతలో సూది కనీసం అడుగు పొరల్లో ఒకదాన్నైనా పట్టాలని తేల్చాం. లేకపోతే లాగుళ్లకు పై మడతలు విడిగా కదిలి టాకాలు తెగుతాయి.

ఉమ్మడి బొంత 10 × 12 గడులది, 42.5 × 51 అంగుళాలు. గడులు 120, కిటికీలు 218. కిటికీల లెక్కకు సూత్రం: ఒక వరుసలో ఉన్న గడుల్లో ఒకటి తగ్గించి వరుసల సంఖ్యతో గుణించాలి, రెండో దిక్కులోనూ అలాగే చేసి రెండూ కూడాలి. 45 అంగుళాల పన్నా గుడ్డలో రెండు పక్కల గట్టి అంచులు, ఉతుకులో తగ్గేది పోగా అడ్డంగా నాలుగు చదరాలే పడతాయి కాబట్టి 270 అంగుళాలు, అంటే ఏడు మీటర్లకు కాస్త తక్కువ కావాలి. కుంచించుకుపోవడాన్ని కలిపి ఏడున్నర మీటర్లు తీసుకోండి. రంగు ముక్కలకు అన్నీ కలిపి మీటరుంపావు సరిపోతుంది. చుట్టుపక్కల సగం కిటికీలను రంగు పెట్టకుండానే వదిలేశాం. అంచు గట్టిగా ఉంది, చూడ్డానికీ ప్రశాంతంగా ఉంది.

బొంతను ఉతికినప్పుడు ఎదురైన అసలు సమస్య బరువు. అంతటా నాలుగు పొరల గుడ్డ, కిటికీల దగ్గర ఇంకా ఎక్కువ, నీళ్లు పీల్చాక ఒక కొస పట్టుకుని ఎత్తితే గడుల మధ్య కుట్లే ఆ బరువు మోయాలి. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పిండకుండా అదిమి, పెద్ద తువ్వాలు మీద చుట్టి ఎత్తి, బల్లపరుపుగా ఆరబెట్టాలి. తీగ మీద వేయొద్దు. ప్రదర్శనలో కూడా పై అంచు పొడవునా వెనక గొట్టంలా పట్టీ కుట్టి, అందులో కర్ర దూర్చి వేలాడదీశాం. క్లిప్పులు పెడితే ఆ రెండు గడులే సాగిపోతాయి.

వచ్చే ఏడాది సీక్రెట్ గార్డెన్ రకం నేర్పుతాం. ఇందులో రంగు ముక్కను రెండో మడతకు ముందే 6 అంగుళాల చదరం మధ్యలో పెడతారు, గడి కన్నా కాస్త చిన్నగా 4 అంగుళాలకు కత్తిరించి. కొసలు మడిచి అంచులు వెనక్కి వంచితే నాలుగు రేకులు తెరుచుకుంటాయి. మొదటి తరగతికి ఉతికి, గంజిపెట్టి, పోగు వెంట కత్తిరించిన 9 అంగుళాల చదరాలు పదహారు, 4 అంగుళాల రంగు ముక్కలు పదహారు తెచ్చుకోండి. పదహారు గడులతో 17 అంగుళాల దిండు గలీబు ముందుభాగం అవుతుంది. కొలత అట్టలు, పదో నంబరు సూదులు, వేలి తొడుగులు సంఘం ఇస్తుంది.

ఇట్లు,
కార్యవర్గం