లాసెట్ చివరి ర్యాంకులు ఆప్షన్లకు ముందే తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

లా కోర్సుల ప్రవేశ పరీక్ష అయిన లాసెట్ ఫలితాలు వెలువడిన మర్నాడు పత్రికలన్నీ మొదటి ర్యాంకుల వారి ఫొటోలు వేస్తాయి. ఏ కాలేజీలో సీటు వస్తుందోనన్న బెంగ వారికి ఎలాగూ ఉండదు. పరీక్షలో 120కి యాభై చిల్లర మార్కులు తెచ్చుకుని, డిగ్రీని కూడా అంతంతమాత్రం శాతంతో గట్టెక్కించిన అభ్యర్థికే తన ర్యాంకుకు ఎక్కడ సీటు దొరుకుతుందో, అసలు దొరుకుతుందో లేదో తెలియాల్సిన అవసరం ఎక్కువ. ఆ సమాచారం అలాంటి వారికి సకాలంలో, అర్థమయ్యే రూపంలో చేరడం లేదు. జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న నా దగ్గరికి ఏటా ఇదే ప్రశ్నతో వకీలు గుమాస్తాలు, చిరుద్యోగులు, వారి పిల్లలు వస్తుంటారు కనుక ఈ లేఖ రాస్తున్నాను.

డిగ్రీలో మార్కులు తక్కువ కాబట్టి లా సీటు రాదనుకుని దరఖాస్తే చేయనివారు నాకు చాలామంది తెలుసు. మూడేళ్ల ఎల్ఎల్‌బీకి డిగ్రీలో, అయిదేళ్ల కోర్సుకు ఇంటర్‌లో జనరల్ అభ్యర్థులకు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలన్నది నిబంధన. ఆ గీత దాటాక 46 శాతమైనా 86 శాతమైనా ఒకటే, ఎందుకంటే లాసెట్ ర్యాంకులో డిగ్రీ మార్కులకు వెయిటేజీ లేదు. గరిష్ఠ వయోపరిమితి కూడా లేదు. పరీక్షలో తప్పు జవాబుకు మార్కుల కోత లేదు కాబట్టి ఒక్క ప్రశ్ననూ వదిలేయనక్కరలేదు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. అయితే 42 మార్కులతో వచ్చేది ర్యాంకు మాత్రమే, సీటు కాదు. అభ్యర్థి అయోమయమంతా ఈ రెండింటి మధ్యనే. (ఇదే ర్యాంకుతో హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోనో విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలోనో సీటు అడగవచ్చా అని ఇప్పటికీ అడిగేవారున్నారు, వాటి బీఏ ఎల్ఎల్‌బీ ప్రవేశాలు క్లాట్ ద్వారా జరుగుతాయి, అది వేరే పరీక్ష.)

ఆ అయోమయంలోకే కన్సల్టెన్సీలు దిగుతాయి. మా కోర్టు ఆవరణలో పనిచేసే ఒక గుమాస్తా బీకాం 48 శాతంతో పాసై, లాసెట్‌లో 51 మార్కులు తెచ్చుకున్నాడు. ర్యాంకు కార్డు చూసిన ఒక ఏజెంటు, ఈ ర్యాంకుకు కన్వీనర్ కోటాలో (కౌన్సెలింగ్ ద్వారా ర్యాంకును బట్టి ఇచ్చే సీట్లలో) సీటు కలలో మాట అని, యాజమాన్య కోటాలో ఒక్క సీటే మిగిలిందని, సాయంత్రంలోగా అడ్వాన్సు కట్టాలని తొందరపెట్టాడు. యాజమాన్య కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్న సంగతి మాత్రం చెప్పలేదు. తీరా చూస్తే ఆ కుర్రవాడు వెబ్ ఆప్షన్లలో, అంటే కౌన్సెలింగ్‌కు ఆన్‌లైన్‌లో ఇచ్చే కాలేజీల జాబితాలో, నగరంలోని మూడు పేరున్న కాలేజీలే పెట్టి ఊరుకున్నాడు. రెండో విడతలో జిల్లాల కాలేజీలన్నింటినీ తన ఇష్టం వరుసలో చేర్చి పెట్టాడు, కన్వీనర్ సీటే వచ్చింది. అంతకు ముందటి ఏడాది ఆ కాలేజీలో తన కేటగిరీకి సీటు ఏ ర్యాంకు దాకా వెళ్లిందో ముందే తెలిసి ఉంటే, అతడు మొదటి విడతలోనే ఆప్షన్లు సరిగ్గా పెట్టుకునేవాడు, ఏజెంటు మాటకు జడిసేవాడు కాదు.

ఇంజినీరింగ్ ప్రవేశాలకు కాలేజీ, బ్రాంచి, కేటగిరీ వారీగా గత ఏడాది చివరి ర్యాంకులను, అంటే సీటు దొరికిన ఆఖరి ర్యాంకులను, అధికారిక వెబ్‌సైటులో ఉంచే పద్ధతి ఉంది. లాసెట్‌కు కూడా వెబ్ ఆప్షన్లు మొదలుకాక ముందే అలాంటి పట్టిక ఒకే చోట కనిపించాలని, అందులో ర్యాంకు పక్కన మార్కులు కూడా ఉండాలని రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లను కోరుతున్నాను. కాలేజీకి ఒక్క చివరి ర్యాంకు ఇచ్చి చేతులు దులుపుకుంటే ప్రయోజనం లేదు. స్థానికులు, స్థానికేతరులు, బీసీల్లోని అయిదు గ్రూపులు, మహిళలు, ఈడబ్ల్యూఎస్, ఇలా ఒక్కొక్కరికీ సీటు ఆగే చోటు వేరు. మొదటి విడతలో ఆగిన ర్యాంకు వేరు, చివరి విడతలో ఆగినది వేరు. మూడేళ్ల కోర్సుకు, అయిదేళ్ల కోర్సుకు ర్యాంకులే విడివిడిగా ఇస్తారు కాబట్టి రెంటినీ కలిపి చూపడం అసలే తగదు.

పాత ర్యాంకులు దారితప్పించే సందర్భాలనూ అధికారులే చెప్పాలి. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి ఎస్సీ రిజర్వేషన్ 1, 9, 5 శాతాల చొప్పున మూడు గ్రూపులుగా విడిపోయింది. అంతకు ముందటి ‘ఎస్సీ చివరి ర్యాంకు’ను చూసి నేటి అభ్యర్థి అంచనా వేసుకుంటే తప్పే అవుతుంది. అలాగే ప్రశ్నపత్రం తేలికైన ఏడాది 60 మార్కులకు వచ్చే ర్యాంకు, కఠినమైన ఏడాది 60కి వచ్చే ర్యాంకు ఒకటి కావు. కనీసం మూడేళ్ల వివరాలు పక్కపక్కన పెడితే తప్ప మార్కులను చూసి అవకాశాన్ని అంచనా కట్టడం చీకట్లో బాణం వేయడమే. ఈ సమాచారమంతా సీట్ల కేటాయింపు చేసే కంప్యూటరులో ఉన్నదే, కొత్తగా సేకరించాల్సినది ఏదీ లేదు.

కౌన్సెలింగ్ ఆలస్యమయ్యే కొద్దీ ఈ అవసరం పెరుగుతుంది. కాలేజీలకు బార్ కౌన్సిల్ ఇచ్చే అనుమతుల కోసమనో మరో కారణంతోనో షెడ్యూలు వెనక్కి జరిగితే, మంచి ర్యాంకు వచ్చినవారు నిశ్చింతగా వేచి ఉంటారు, తక్కువ ర్యాంకు వచ్చినవారు భయపడి ఎక్కడో ఒకచోట డబ్బు కట్టేస్తారు. అప్పటికి ఆ కాలేజీకి ఆ ఏడాది అనుమతి ఉందో లేదో కూడా వారు చూసుకోరు. అనుమతి లేని చోట చదివిన డిగ్రీతో న్యాయవాదిగా పేరు నమోదు చేసుకోవడానికి వెళ్లినప్పుడు ఎదురయ్యే చిక్కులు మా వృత్తిలోని వారికి తెలుసు. కనుక చివరి ర్యాంకుల పట్టికలోనే ప్రతి కాలేజీ ఎదుట అనుమతి వివరం, కన్వీనర్ కోటా ఫీజు కూడా ఉండాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఫలితాల రోజున టాపర్లకు ఇచ్చే స్థలంలో సగం, ఆప్షన్ల నమోదు మొదలయ్యే వారంలో ఈ పట్టికకు మీ విద్యా పేజీలో కేటాయించండి. విద్యామండలి పూర్తి వివరాలు ఇవ్వకపోతే, ఎందుకు ఇవ్వలేదో కన్వీనరును అడిగి ఆ జవాబైనా ప్రచురించండి.

ఇట్లు,
ఒక న్యాయవాది, కరీంనగర్