అగస్టా పూల గురించే రాస్తే ఎలా?

సంపాదకులకు,

ఏటా ఏప్రిల్‌లో మాస్టర్స్ గోల్ఫ్ టోర్నీ వస్తే చాలు, అది జరిగే అగస్టా నేషనల్ క్లబ్ పూల గురించే రాస్తారు. నిజమే, అమెరికాలోని జార్జియాలో ఒకప్పటి మొక్కల నర్సరీ నేల మీద గోల్ఫ్ ఆటగాడు బాబీ జోన్స్, మైదానాల రూపశిల్పి మెకెంజీ కలిసి తీర్చిదిద్దిన ఆ గోల్ఫ్ కోర్సు చాలా అందమైనది, 18 హోల్స్‌కీ మొక్కల పేర్లే. కానీ 1934లో మొదలైన ఆ టోర్నీలో తొలిసారి ఒక నల్లజాతి ఆటగాడు, లీ ఎల్డర్, ఆడింది 1975లో, క్లబ్ తొలిసారి ఒక నల్లజాతి వ్యక్తికి సభ్యత్వం ఇచ్చింది 1990లో, మహిళలకైతే 2012 దాకా తలుపు తెరవలేదు. అదే క్లబ్‌లో 1982 వరకు మాస్టర్స్ ఆటగాళ్ల బ్యాగులు మోసింది మాత్రం నల్లజాతి కేడీలే! ఆ గ్రీన్స్ (గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) వాలు వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? వచ్చే ఏప్రిల్‌లో వాళ్ల గురించీ ఒక పేజీ వేయండి.

— ఒక పాఠకుడు